కూలేదాకా

బడులు తెరిచే ముందు వచ్చే వేసవి మా దర్జీలకు పంటకాలం. మా ముందుగదిలో మిషను చుట్టూ నీలం, బూడిద, మెరూన్ రంగు గుడ్డలు గుట్టలుగా పడి ఉంటాయి. కిందటేటి లాగు ఎవరికి బిగుతయిందో, ఏ పిల్ల జానెడు ఎదిగిందో కన్నతల్లి కన్నా ముందు నాకే తెలుస్తుంది. అలాంటిది నా సొంత కూతురికి యూనిఫాం కుట్టడం మానేసి అప్పటికి ఏడాది. ఆ మాట ఎత్తకుండా నా గడప దాటినవాళ్లు లేరు.

“అందరి పిల్లలకీ కుడతావు, మీ పిల్లదేది?” అని అడిగేవారు.

“మా పిల్లకి కొలతలు నిలవవండీ. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రానికి ఇంకోలా పెరుగుతుంది” అనేదాన్ని.

నా నోరు నా సూది కన్నా పదునని మా ఆయన అంటాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా రెండంతస్తుల మధ్య వేలాడుతూ పనిచేస్తాడు కనుక, ఇంట్లో కూడా ఎటూ మొగ్గకుండా మధ్యలో ఆగిపోవడం ఆయనకు అలవాటే.

మా అమ్మాయిని బడి మాన్పించడం ఎవరి మీదో కోపంతో చేసిన పని కాదు. బళ్లో చేతులు కడుక్కునే చోట కుళాయి లోపల ఏముందో చూద్దామని విప్పింది. నీళ్లు వరండా అంతా పారాయి. అందరి ముందూ నిలబెట్టి, ఇంకెప్పుడూ దేన్నీ ముట్టుకోనని చెప్పించారు. మా పిల్ల మాటంటే మాటే. ఇంటికొచ్చాక కూడా దేన్నీ ముట్టుకోవడం మానేసింది. నేను బొత్తాల డబ్బా ముందు పెట్టినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పదేళ్ల పిల్ల చేతులు అలా ఊరికే పడి ఉండటం చూడలేక బడి మాన్పించాను. ఇంట్లో చదువు మొదలుపెట్టాక ఆ చేతులు మళ్లీ కదలడానికి చలికాలం దాకా పట్టింది.

మా మామయ్యగారికి ఇదంతా తెలుసు. తెలిసినా ఆయనకు నచ్చలేదు. ఆయన బతుకంతా బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మెడలో ఈల ఇంకా అలాగే ఉంటుంది. భోజనానికి పిలవాలన్నా ఈలే, కరెంటు పోయిందని చెప్పాలన్నా ఈలే. ఆయన తయారుచేసిన జట్లు తెచ్చిన కప్పులు హాల్లో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. మనవరాలికి ‘మరమేకు’ అని పేరు పెట్టింది ఆయనే. ఎక్కడ పెట్టినా తిరిగి తిరిగి లోపలికే దిగుతుందని.

ఆ వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, బ్యాంకులో పనిచేసే ఆవిడ తన కొడుకు లాగులు తీసుకుంటూ, వాడికి పరుగుపందెంలో కప్పు వచ్చిందని చెప్పి వెళ్లింది. మామయ్యగారు పక్కగదిలో పేపరు చదువుతున్నారు. ఆవిడ చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, లేచొచ్చి నా మిషను ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

“అమ్మాయ్, పరాయివాణ్ణి కాదు గనక అడుగుతున్నా. ఈ ఏడాదిలో ఇది నేర్చుకుందేమిటి?”

“చాలా నేర్చుకుందండీ.”

“అని ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావు. పరుగెత్తేవాడి చేతికే గడియారం ఇస్తే ప్రతివాడూ మొదటివాడే.”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాటలో నిజముంది. అందుకే మరీ మండింది. అంతలో మా అమ్మాయి లోపలినుంచి వచ్చి, శనివారం గుంపు పోటీ కబురు చెప్పింది. ఇంట్లోనే చదువుకునే పిల్లలున్న కుటుంబాలు వారానికోసారి గ్రంథాలయం వెనక హాల్లో కలుస్తాయి. దాన్ని నడిపేది బేకరీ అక్క. ఆవిడ కవల పిల్లలు కూడా ఇంట్లోనే చదువుతారు. ఈసారి చుట్టుపక్కల ఊళ్ల గుంపులను కూడా పిలిచి, వేసవి చివర్లో వంతెనల పోటీ పెడుతున్నారు.

“పాత పేపర్లు, మైదా జిగురు, దారం. అంతే వాడాలంట తాతయ్యా. రెండు బల్లల మధ్య వంతెన కట్టి, దానికి బకెట్టు వేలాడదీసి, ఇసుక పోయాలంట.”

“కప్పు ఇస్తారా?” అన్నారు మామయ్యగారు.

“మొదటి ముగ్గురికి ఇస్తారు.”

ఆయన నావైపు తిరిగారు. “ఇదేదో బాగానే ఉంది. గడియారం నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. మూడింట్లో ఏ కప్పు తెచ్చినా ఇక నేను నోరెత్తను. తేలేదూ, బడి తెరిచిన రోజున నేనే చెయ్యిపట్టుకుని తీసుకెళ్తా. ఏమంటావు?”

“సరే” అన్నాను. 

ఆ సాయంత్రం మా ఆయనకు సంగతి చెబితే, తింటున్న ముద్ద చేతిలోనే ఆగింది. “మా నాన్నతో పందెమా? ఆయన టాస్ వేసేటప్పుడు కూడా ఓడిపోవడానికి ఒప్పుకోడు” అన్నాడు. 

“నేనూ ఒప్పుకోను” అన్నాను. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా ఇరుక్కోవడం ఇష్టంలేక ఆయన గబగబా తినేసి లేచాడు.

మర్నాటినుంచి ముందుగది రెండుగా చీలిపోయింది. సగం నాది, సగం దానిది. పేపరును అల్లికసూది చుట్టూ బిగించి చుట్టి, జిగురు రాసి, సూది లాగేస్తే సన్నటి గొట్టం వస్తుంది. ఎండలో పెడితే కర్రముక్కలా గట్టిపడుతుంది. ఆ గొట్టాలను త్రికోణాలుగా పేర్చి దారంతో కట్టేది. మొదటి వంతెన ఖాళీ బకెట్టుకే చతికిలబడింది. రెండోది రెండు మగ్గుల ఇసుక మోసి, నడుం విరిగి పడింది.

మా ఇంటి చదువుకు ఒక పద్ధతి ఉంది. పుస్తకంలోది కాదు, మాకు మేమే పెట్టుకున్నది. ఏది చేసినా కూలేదాకా, చిరిగేదాకా, ఆగిపోయేదాకా చూడాలి. అప్పుడు ఎక్కడ పోయిందో వెతికి, దారం కట్టి, గోడకు వేలాడదీయాలి. నేను పని నేర్చుకున్నది అలాగే. కుట్టు బలం తెలియాలంటే లాగి చూడాలి, పుటుక్కుమనేదాకా లాగాలి. చిరిగితే ఎక్కడ చిరిగిందో అక్కడే పాఠం ఉంటుంది. అలా మిషను పైగోడంతా విరిగిన వంతెనలతో నిండిపోయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు తల ఎత్తి చూసి, పిట్టగూళ్లా అని అడిగేవారు.

“ప్రతిసారీ నడుం దగ్గరే పోతోందమ్మా” అంది ఒకరోజు, గోడమీద వరసను చూస్తూ.

“అయితే ఏం చేద్దామంటావు?”

“నువ్వు చొక్కా చంక దగ్గర చేస్తావే, అదనంగా గుడ్డ వేసి. అలా నడుం దగ్గర జోడు గొట్టాలు వేస్తా.”

జోడు గొట్టాలు వేశాక వంతెన నిలబడటం మొదలైంది. మామయ్యగారు గుమ్మంలో నిలబడి చూసేవారు. ఒకసారి బకెట్టు సగం దాటాక కూలితే, చప్పుడుకు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. “బాగా మోసింది” అన్నారు పొరపాటున. వెంటనే గొంతు సవరించుకుని, “భోజనానికి రండి” అని ఈల వేశారు. అప్పటికింకా వంట కాలేదు.

పోటీకి వారం ఉందనగా బేకరీ అక్క నియమాలు చెప్పి పంపింది. ఎవరి ఇసుక వాళ్లే పోసుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు “చాలు” అనొచ్చు. చాలన్నప్పుడు ఎంత బరువుంటే అంత లెక్క. చాలనకుండా వంతెన కూలితే మాత్రం సున్నా.

మా ఇంట్లో “చాలు” అనే మాటే లేదు. అందుకని పని పక్కన పెట్టి, దానికి ఆ ఒక్క మాట నేర్పడానికి కూర్చున్నాను. వంతెన పెట్టాం, బకెట్టు కట్టాం. అది మగ్గుతో ఇసుక పోస్తోంది. బకెట్టు సగం దాటింది. గొట్టం ఒకటి సన్నగా కిర్రుమంది.

“ఇప్పుడు అను” అన్నాను.

“చాలు” అంది.

ఇద్దరం వంతెనను చూస్తూ కూర్చున్నాం. అది కదలకుండా నిలబడి ఉంది.

“ఇప్పుడేం చేయాలమ్మా?”

“ఏమీ చెయ్యక్కర్లేదు. గెలిచావు.”

“మరి మనకేం తెలిసింది?”

“గెలిచావని తెలిసింది. చాలదూ?”

అది బుర్ర ఊపింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతున్నాను. ముందుగదిలో ఢామ్మని చప్పుడైంది. వెళ్లి చూస్తే మా అమ్మాయి నేలమీద బోర్లాపడుకుని ముక్కలు ఏరుతోంది. నాకు నిజంగా కోపం వచ్చింది. గట్టిగా పట్టుకుని కుదిపేద్దామనిపించింది. కానీ ఆ చేతులు ఎంత ఆత్రంగా కదులుతున్నాయో చూశాక పక్కనే కూర్చున్నాను.

“అక్కడ మాత్రం ఆపుతావా?” అని అడిగాను.

“ఆపుతానమ్మా” అంది. అబద్ధమాడే పిల్ల కాదు. అప్పటికి ఆపుదామనే అనుకుంది.

పోటీ రోజు ఉదయం మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందే తయారయ్యారు. ఊరికే చూడ్డానికి వస్తున్నానన్నారు. బయల్దేరేటప్పుడు తలుపు వేయబోతూ హాల్లోకి చూశాను. అద్దాల బీరువాలో మధ్య అర ఖాళీగా ఉంది. కప్పులన్నీ పక్కకు జరిపి, అద్దం తుడిచి ఉంది. నేను చూసినట్టు ఆయనకు తెలియనివ్వలేదు.

గ్రంథాలయం వెనక హాలు పిల్లలతో కిటకిటలాడుతోంది. ఇంట్లో చదివే పిల్లలకు వరస అంటే ఏమిటో తెలియదు. ఎవరికి తోచిన చోట వాళ్లు నిలబడ్డారు. ఒకడు బల్లకింద పడుకుని పక్కవాడి వంతెనను అడుగునుంచి చూస్తున్నాడు. మామయ్యగారి చెయ్యి మాటిమాటికీ ఈల మీదికి పోతోంది. మా ఆయన ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

బేకరీ అక్క, పిండి తూచే గుండ్రటి త్రాసును బకెట్టు పైన కట్టింది. ముల్లు ఎక్కడుందో హాలంతా కనబడుతుంది. ఎవరి వంతెన ఎక్కువ మోస్తే వాళ్ల ముల్లు దగ్గర ఎర్ర సుద్దతో గీత పెడుతోంది. చాలామంది పిల్లలు ముందుగానే చాలన్నారు. కొందరివి కూలాయి. కూలినప్పుడల్లా హాలంతా నవ్వు, చప్పట్లు. కళ్లద్దాల అబ్బాయి ఒకడు ఒక్కో మగ్గుకీ వాళ్ల నాన్న ముఖం చూసి, వాళ్ల నాన్న తల ఊపగానే చాలన్నాడు. ఎర్రగీత బాగా ముందుకి జరిగింది.

మా అమ్మాయి వంతు చివర్లో వచ్చింది. వంతెనను రెండు బల్లల మీదా పెట్టి, కాళ్లు సర్ది, బకెట్టు తగిలించింది. నేను దాని మొహానికి ఎదురుగా ఉండేలా ముందు వరసలో కూర్చున్నాను. నా వైపు చూస్తే నేనూ తల ఊపుదామని. అది ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. దాని కళ్లు నడుం దగ్గరున్న జోడు గొట్టాల మీదే ఉన్నాయి.

ఒక్కో మగ్గే పోసింది. ముల్లు మూడో కప్పుకు సరిపడే బరువు దాటింది. తర్వాత రెండోది కూడా. హాల్లో మాటలు తగ్గాయి. ముల్లు ఎర్రగీతను తాకి, దాటి, అవతల నిలిచింది. బేకరీ అక్క సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడింది. ఒక్క మాట అంటే చాలు, మొదటి కప్పు మాది.

మా అమ్మాయి మగ్గు బకెట్టు పక్కన పెట్టి, వంగి, వంతెన నడుంలోకి చూసింది. మళ్లీ మగ్గు తీసుకుంది.

నేను అరుద్దామని నోరు తెరిచేలోపే హాల్లో అరుపు వినిపించింది. అరిచింది నేను కాదు, మామయ్యగారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“చాలు అను మరమేకూ. చాలు అను.”

పిల్ల ఓడితే ఆయన మాటే నెగ్గుతుంది. అది ఆయన మరిచిపోయారు.

మా అమ్మాయి తల తిప్పి చూసింది. ఎవరో తెలియని సంగతి అడిగితే చెప్పినట్టు, చాలా మామూలుగా అంది. “ఇంకా కూలలేదు తాతయ్యా.”

ఇసుక పోసింది. ఇంకో మగ్గు పోసింది. ఆ తర్వాత కాగితం నలిగిన చప్పుడు, బకెట్టు నేలకు తగిలిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. ఇసుక హాలంతా చిమ్మింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బేకరీ అక్క సుద్దముక్క జేబులో వేసుకుంది. మా అమ్మాయి అప్పటికే మోకాళ్లమీద కూర్చుని, ఇసుకలోంచి వంతెన బయటికి లాగుతోంది. లాగి, తిప్పి చూసి, తల పైకెత్తింది. ఏడాదికి పైగా నేను చూడని వెలుగు ఆ మొహంలో.

“అమ్మా, నడుం కాదు. నడుం బాగానే ఉంది. కాలు. బల్లమీద ఆనే చోట నలిగిపోయింది.”

“ఏదీ, ఏదీ” అంటూ పిల్లలు మూగారు. కళ్లద్దాల అబ్బాయి వాళ్ల నాన్నను వదిలేసి వచ్చి, ఇసుకలో కూర్చుని, నలిగిన కాలును వేలితో నొక్కి చూశాడు. కాసేపటికి కప్పులిచ్చారు, ఫొటోలు తీశారు. మా పిల్లకు సున్నా వేశారు. నేను చీపురు తీసుకుని ఇసుక ఊడ్చాను. ఊడుస్తూ ఏడ్చాను కూడా. కప్పు పోయిందని కాదు. మాటిచ్చాను కదా అని.

ఆ మర్నాటికి అద్దాల బీరువాలో కప్పులన్నీ మళ్లీ ఎప్పటి వరసలోకి వచ్చేశాయి.

బడి తెరవడానికి ముందురోజు సాయంత్రానికి యూనిఫాంలన్నీ ఎవరివి వాళ్లకు చేరిపోయాయి. ముందుగది బోసిపోయింది. నేను దాచిపెట్టిన నీలం గుడ్డ ఒక్కటే మిగిలింది. కత్తెర, టేపు తీసుకుని అమ్మాయిని పిలిచాను. అది వచ్చి, నేను చెప్పకుండానే చేతులు చాపి నిలబడింది. గోళ్లలో జిగురు ఎండిపోయి ఉంది. మామయ్యగారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నారు. తెల్లారితే ఆయనే తీసుకెళ్లాలి.

నేను భుజం కొలుస్తున్నాను. 

“తాతయ్యా, నువ్వు బళ్లో చాలా ఏళ్లున్నావుగా” అంది అది.

“ఉన్నాను.”

“అక్కడ కూలేదాకా చూడనిస్తారా?”

అందులో ఎత్తిపొడుపు లేదు. కొత్త ఊరికి వెళ్లేముందు అక్కడ వాన పడుతుందా అని అడిగినట్టు అడిగింది. మామయ్యగారి చేతిలో బ్రష్షు ఆగింది. ఎందుకు చూడనివ్వరు, నువ్వు వెళ్లు అంటారనుకున్నాను. నేనైనా అలాగే అనేదాన్ని.

“గంట కొట్టేస్తారు తల్లీ” అన్నారు.

నేను ఛాతీ కొలత తీయడానికి టేపు చుట్టాను. ఆయన బ్రష్షు కింద పెట్టి లేచారు.

“ఆ టేపు తీసెయ్యమ్మాయ్.”

“మాటిచ్చాను మామయ్యగారూ.”

“ఇచ్చింది నాకేగా. పుచ్చుకున్నవాణ్ణి నేను, తిరిగిచ్చేస్తున్నా.” నా చేతిలోంచి టేపు లాక్కుని మెడలో వేసుకున్నారు, ఈల పక్కనే. తర్వాత మనవరాలి వైపు తిరిగారు. “కాళ్లు నలిగాయన్నావు. ఏం చేద్దామనుకుంటున్నావు?”

“కాళ్లకి జోళ్లు వేస్తా తాతయ్యా. మందంగా.”

“వెయ్యి మరి. ఇసుక నేను తెస్తా” అని, మోకాళ్లు పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లారు. బకెట్టు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపించింది. లోపల వార్తలు చూస్తున్న మా ఆయన టీవీ గొంతు తగ్గించి, ఏం జరిగిందని నన్ను సైగతో అడిగాడు. ఏమీ లేదని నేనూ సైగే చేశాను.

జోళ్లు వేసుకున్న వంతెనకు ఆ బకెట్టు చాలలేదు. అందుకని నీలం గుడ్డతో పెద్ద ఇసుక సంచి కుట్టాను. అంచులకు రెండు వరసల కుట్టు వేశాను. అది ఇప్పటికీ మిషను పక్కన మేకుకు వేలాడుతోంది. మా అమ్మాయికి దానిమీద ఒకటే ఫిర్యాదు, ఎంత నింపినా చిరగడం లేదని.